తెల్లగా చేసిన ఫోటో

నాయనా,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. ఈ కోపం ఇంకెవరికి చెప్పుకోను?

ఈరోజు నీ సంవత్సరీకం. తమ్ముడు కదిరిలో నీ ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. కాగితం విప్పి చూడగానే నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్లో నిన్ను తెల్లగా చేయించాడు.

మన ఫోటో స్టూడియోకి ఎవరైనా పౌడరు పూసుకొని వస్తే, "కడుక్కోని రాపో అప్పా" అనేవాడివి. తాగే నీళ్లు కొనుక్కునే రోజుల్లో కూడా దానికోసం ఒక చెంబు నీళ్లు పెట్టేవాడివి. లైటును ముఖం మీదికి కొట్టకుండా, పక్కన కమ్మీకి వేలాడదీసిన నీ పాత తెల్ల పంచె మీదికి తిప్పేవాడివి. అక్కడ తగిలి తిరిగొచ్చిన వెలుతురులో ఎంత నల్లటి ముఖమైనా నిగనిగలాడేది. "నలుపు తప్పు కాదు పాపా, లైటు పెట్టేకి రాకపోవడం తప్పు" అనేవాడివి.

తమ్ముడికి అవన్నీ గుర్తులేవు. "నలుగురొచ్చి చూస్తారు కదక్కా, అందుకే చేయించినా" అన్నాడు. ఆ నలుగురూ నువ్వు ముఖం కడిగించినవాళ్లే.

ఇంతలో అమ్మ పూలదండ తెచ్చి, ఫోటో ముందు ఆగిపోయింది.

"ఇదెవురి ఫోటో? మీ నాయనది యాడ పెట్టినారు?"

నేను ఫోటోను గోడకు తిప్పి పెట్టి, స్టూడియోలోంచి నీ తెల్ల పంచె తెచ్చి దాని పక్కన గోడకు కట్టాను. దండ ఆ పంచెకే వేయించాను. పంతులు ఏదో గొణిగాడు. గొణగనీ. వాకిట్లోంచి ఎండ ఆ పంచె మీద పడి, అమ్మ నల్లటి ముఖం మీదికి తిరిగింది.