చిల్లుపడ్డ గుమ్మడికాయ

మహారాజశ్రీ సాయన్న మామగారి దివ్యసముఖానికి,

ఎదురుగా చెబితే చెయ్యి చేసుకుంటారని అల్లుడు రాసుకుంటున్న విన్నపం.

మనముంటున్న అద్దెగదుల చాల్ ఖాళీ చేయించే గూండాల కోసం రివాల్వర్ కొన్నారు, సంతోషం. అందులో గురి పోటీల్లో కాగితాలు కాల్చే తేలికరకం తూటాలెందుకు? “చెయ్యి అదరది బిడ్డా” అన్నారు. గూండాలేమైనా కాగితాలా మామా?

దసరా పూజలో దాన్ని తాపీల పక్కన పెట్టి, గుమ్మడికాయను కొట్టకుండా కాల్చారు. గుండ్రటి చిల్లు పడిందే తప్ప కాయ పగల్లేదు. గల్లీలో నిలబడి చూస్తున్న గూండాలు కడుపు పట్టుకుని నవ్వారు. “జరుగయ్యా, దిష్టి పోవద్దా!” అంటూ అత్త పూజలోని సుత్తె తీసి ఒక్కటేసింది. కాయ ముక్కలైంది, వాళ్ల నవ్వు ఆగింది.

నిన్న మెట్ల దగ్గర వాళ్లు నన్నాపి, “కాకీ ఘర్‌పే హై క్యా?” అంటూ అత్త ఇంట్లో ఉందా అని భయంభయంగా అడిగారు. మీ ఊసెత్తలేదు. కనుక అసలు తూటాలు తెచ్చేదాకా అత్తను పుట్టింటికి పంపకండి.

మీ అల్లుడు