మూడు పూటలూ ఒకే సిరా

మారతహళ్ళి, బెంగళూరు
11 ఆగస్టు 2002

అమ్మకు షారోన్ వందనాలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. మోకాళ్ళ నొప్పి తప్పితే నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అన్నం తింటున్నాను. మా పీజీ హాస్టలు నడిపే చెన్నమ్మ వారానికి ఐదు రోజులు ఆకుకూర సారే చేస్తుంది, మన చారు లాంటిదే. ఆరో రోజు కూడా అదేమిటని అడిగితే, నిన్నటిది మిగిలిందమ్మా అంది. చర్చికి వెళ్తున్నాను, వెనక బెంచీలో కూర్చుంటున్నాను. పెళ్ళి మాట మాత్రం స్టీఫెన్ మామయ్య దగ్గర ఇప్పుడే ఎత్తొద్దు.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. "ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి, ఇంట్లో మనిషి గుండె జబ్బు కనిపెట్టలేకపోయాను." ఏడాదిగా ప్రతి ఉత్తరంలోనూ ఇదే రాస్తున్నావు. చదివినప్పుడల్లా నాకు ఏడుపు రాదమ్మా, ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది. ఎవరినో ఇప్పుడు తెలిసింది.

కోప్పడకుండా చదువు. బెళ్ళందూరు కంపెనీలో ఉద్యోగం నేను మార్చిలోనే మానేశాను. నాన్న పోయిన ఆసుపత్రిలోనే పనిచేస్తున్నాను. రికార్డు గదిలో కూర్చుని పాత కేసు షీట్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. హెర్నియా ఆపరేషన్‌కి పెద్దాసుపత్రి మంచిదని నాన్నని చీరాల నుంచి రప్పించింది నేనే కదా. నన్నెవరూ గుర్తుపట్టలేదు. వార్డు బయట బెంచీ మీద ఏడ్చేవాళ్ళ మొహాలు అక్కడ ఎవరూ చూడరు.

చేరిన మూడో నెలలో నాన్న ఫైలు దొరికింది. నర్సులు రాసే షీటు తీశాను. నీ యూనిఫాం జేబులో మూడు పెన్నులుండేవి, పగటి డ్యూటీకి నీలం, సాయంత్రానికి ఆకుపచ్చ, రాత్రికి ఎరుపు. ఇక్కడా అదే పద్ధతి. నాన్న షీటులో మాత్రం అంతకు ముందు రాత్రి నుంచి ఆయన పోయిన సాయంత్రం దాకా అంతా నీలమే, అంతా ఒకే చేతిరాత. దాన్ని మళ్ళీ రాయించినవాడికి నర్సుల పెన్నుల సంగతి తెలియదు.

ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నది రాచెల్ అనే సిస్టరు, బాపట్ల పిల్ల. క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని నేనెవరో చెప్పాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి ఏడ్చేసింది. అబద్ధం ఎందుకు, ఆమె ఏడుస్తుంటే నాకు హాయిగా ఉంది. సెలైన్ సూదిని కడగడానికి వాడే ఉప్పునీళ్ళ మందనుకుని, అందులోకి పొటాషియం ఎక్కించేసిందట. రెండు బుడ్లూ ఒకేలా ఉంటాయి, ఒకే ట్రేలో పెడతారు. అది గుండెను ఎలా ఆపేస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. వెంటనే సూపరింటెండెంట్ డాక్టర్ రాఘవేంద్రకి చెప్పేసి, బయట ఉన్న మన దగ్గరికి వస్తానందట. ఆయన ఆమెను గదిలో కూర్చోబెట్టి, తనే బయటికొచ్చి గుండెపోటన్నాడు. నువ్వు ఆయనకి దణ్ణం పెట్టావు కూడా. ఆకుపచ్చ సిరాతో ఆమె ఉన్నదున్నట్టు రాసిన షీటు చించేసి, గుమాస్తాతో కొత్తది రాయించాడు.

చెయ్యి తడబడటం ఎవరికైనా జరుగుతుందని నువ్వే అంటావు. ఆ తడబాటుకి రాచెల్‌ని ఏనాటికైనా క్షమిస్తానేమో. నీ మీద నువ్వు నింద వేసుకునేలా చేసినవాణ్ణి క్షమించను.

మొన్న శుక్రవారం షీటు జిరాక్సు తీసుకుని ఆయన గదికి వెళ్ళాను. మీ మనశ్శాంతి కోసమే చెప్పలేదన్నాడు. చెబితే మాత్రం మనిషి తిరిగొస్తాడా అన్నాడు.

"మా అమ్మ నర్సు సార్," అన్నాను. "ఈ కాగితం చూస్తే అసలు సంగతి తెలియడానికి ఆమెకు ఒక్క నిమిషం చాలు."

ఏం కావాలో చెప్పమన్నాడు.

"మీరు చీరాల వెళ్ళి, ఇక్కడ ఏం జరిగిందో ఆమె ఎదురుగా చెప్పాలి."

ఇరవై నాలుగో తారీకు శనివారం పొద్దున వస్తాడు. రాచెల్ కూడా వస్తానంది.

నీకు నచ్చని సంగతి ఇంకొకటుంది. ఆయనొచ్చి చెప్పేస్తే నేను ఊరుకుంటానని ఆయన నమ్మకం. అలా అని నేను అనలేదు, ఆయనే అనుకున్నాడు, అనుకోనిచ్చాను. వినియోగదారుల ఫోరంలో కేసు పోయిన సోమవారమే వేశాను. అందులో రాచెల్ పేరూ ఉంది. నా పేరు తీసెయ్యొద్దక్కా అని ఆమే అంది. నోటీసు ఆయన చీరాల నుంచి తిరిగి వెళ్ళేసరికి బల్ల మీద ఉంటుంది. మోసమంటావా, అను. బైబిలు వాక్యాలు మాత్రం రాసి పంపకు, అవి నాకూ వచ్చు.

నిన్ను అడిగేది ఒక్కటే. ఆయన మొదలుపెట్టగానే "పోనీలెండి డాక్టరుగారూ" అనకు. నీ నోటికి అలవాటు, నాకు తెలుసు. పూర్తిగా చెప్పనీ. ఏ మందు ఎక్కిందో, ఎన్ని గంటలకో, కాగితం ఎవరు చించారో, అన్నీ ఆయన నోటితోనే చెప్పాలి. మధ్యలో మంచినీళ్ళడుగుతాడు. చెప్పాక ఇవ్వు.

ఇట్లు,
నీ మాట వినని కూతురు,
షారోన్