గ్లాసు నిండా పాలు

అత్తయ్యగారికి కోడలు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ ఇద్దరం బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోనులో మీ మాట వినబడగానే నా మాట గొంతులోనే ఆగిపోతుంది కదా, అందుకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మీ అబ్బాయికి సోమవారం ఆపరేషను అయింది. బాకా ఊదినప్పుడల్లా బొడ్డు దగ్గర నిమ్మకాయంత పొంగేది కదా, అక్కడ కండకు పడిన చిల్లు మూసి, లోపల సన్నని వల ముక్క పెట్టి కుట్టారు. బొడ్డు ఉంచారా, తీసేశారా అని మీరు అడిగారు. ఉంది అత్తయ్యా, దాని కిందే వంకరగా చిన్న కుట్టు. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుంటున్నారు. రెండు నెలలు బరువులెత్తకూడదు, బాకా ముట్టకూడదు. బ్యాండువాళ్ళు చూడ్డానికొచ్చి, "మాకందరికీ ఒక్క బాకానే, నీకు పొట్ట మీద ఇంకోటి ఉండేది, పాపం కోయించేసుకున్నావు" అన్నారు. నవ్వించకండ్రా, కుట్లు లాగుతున్నాయని ఈయన ఒకటే మొత్తుకోవడం.

పోయిన ఉత్తరంలో, మొదటిసారి ఆపరేషను వాయిదా పడినందుకు డాక్టరును కడిగేశారు. ఊళ్ళు తిరిగేవాడికి కత్తెందుకన్నారు. అది చదివినప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఆ డాక్టరు ఏ ఊరూ వెళ్ళలేదు అత్తయ్యా. మీ అబ్బాయి మీకు అబద్ధం చెప్పారు, నా కోసం.

మొదటిసారి ఆపరేషను అనుకున్న రోజు పొద్దున్న ఏమీ పెట్టొద్దని నర్సు మరీ మరీ చెప్పింది. ఈయన ఆకలికి ఆగలేరని మీకు తెలుసు. "పాలు కూడా ఒక తిండేనా? పొట్ట కోసేటప్పుడు పొట్టలో బలం ఉండొద్దూ?" అన్నారు. నిజమే అనిపించింది. గ్లాసు నిండా నేనే పోసి ఇచ్చాను. తర్వాత మత్తు డాక్టరమ్మ వచ్చి ఏమైనా తిన్నారా అని అడిగితే, "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ" అని ఈయన నాకేసి కళ్ళురిమారు.

చక్రాల మంచం కదిలింది. ఆపరేషను గది ఇంకో నాలుగడుగుల దూరంలో ఉంది. నోట్లో నాలుక లేని పిల్ల అంటారే మీరు నన్ను, ఆ నేనే మంచం కమ్మీ పట్టుకుని, "పాలు తాగారు! నేనే ఇచ్చాను!" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

డాక్టరమ్మ తిట్టలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "మత్తులో ఉండగా ఆ పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఆ గ్లాసును మూడుసార్లు తోమాను.

ఈయన రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడో రోజు, "ఇంత గొంతుందని తెలిస్తే నిన్నే బ్యాండులో చేర్చేవాణ్ణి కదే" అన్నారు. మీరు నన్ను తిడతారనే తప్పు డాక్టరు మీదికి నెట్టారు. ఆ తిట్లు నావి, పాపం ఆ డాక్టరువి కావు.

సోమవారం డాక్టరమ్మ ఈయన్ని అడగనే లేదు. నా వైపు తిరిగి, "ఏమమ్మా, ఏమైనా పెట్టావా?" అన్నారు. "లేదండీ" అన్నాను, తలెత్తి. ఆ మాట మీదే మంచం లోపలికి వెళ్ళింది.

నన్ను తిట్టాలనిపిస్తే ఫోను చేసే తిట్టండి. ఈసారి పలుకుతాను.

ఇట్లు,
మీ కోడలు