కిటికీ దగ్గర ఏమనేవారు?

అక్కా,

ఏ వరసతో పిలవాలో తెలియక ఇలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. పదిహేడేళ్ల వయసులో మీతో తిరిగిన అద్దాల షాపు అబ్బాయికి నేను భార్యని. కంగారుపడకండి, దెబ్బలాడ్డానికి రాయడం లేదు. నాకంత ఓపిక కూడా లేదు.

వానలు మొదలైనప్పటినుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. మందులు వాడుతున్నాం. స్నానం చెయ్యమంటే ఊఁ అంటారు, లేవరు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. గోడకి చెప్పినా ఒకటే, ఆయనకి చెప్పినా ఒకటే.

నిన్న మా అత్తగారు నోరు విప్పారు. అప్పట్లో మిమ్మల్ని గడప తొక్కనివ్వని మనిషే. ఆయన పరీక్ష తప్పినప్పుడూ ఇలాగే పడుకున్నారట. మీరొచ్చి కిటికీ అవతల నిలబడి ఏదో అంటే, లేచి స్నానం చేసేవారట.

"ఏమనేదత్తయ్యా?" అన్నాను.

"విననిస్తేగా? చీపురు పట్టుకుని తరిమేదాన్ని" అని కళ్లు తుడుచుకున్నారు. మీ అడ్రసు కనుక్కొచ్చింది కూడా ఆవిడే.

ఏమనేవారు అక్కా? చెబితే నేనంటాను. నాతో చెప్పుకునే మాట కాకపోతే మీరే ఫోన్ చెయ్యండి, నంబరు వెనక రాశాను. మీ ఇంట్లో ఇబ్బందైతే ఈ ఉత్తరం చించెయ్యండి.

మధ్యాహ్నాలు నేను డ్యూటీలో ఉంటాను. ఫోన్ వంటింట్లో పెట్టి వెళ్తాను. ముట్టుకోనని అత్తగారు మాటిచ్చారు. ఎత్తకపోతే మళ్లీ చెయ్యండి. ఆయన మంచం దిగి అక్కడిదాకా నడవాలి.

చెల్లెలనుకోండి.