ఒంటె నడిచిన వారం

1984 అక్టోబర్ 7, ఆదివారం

ఒంటె నడిచింది. మా ఆయన తను గీసిన ఒంటె బొమ్మల కాగితాల కట్ట పట్టుకుని, బొటనవేలితో ఒక్కో కాగితం గబగబా వదులుతుంటే చూశాను. పన్నెండు అడుగులు.

ఎనిమిదేళ్లుగా ఇక్కడ అమెరికాలో ఒక స్టూడియోలో, టీవీలో వచ్చే శనివారం పొద్దుటి కార్టూన్లు డైరెక్ట్ చేస్తున్నారు. వాటిలో ఎవరూ నడవరు, నిలబడి మాట్లాడతారు. ఇప్పుడు మొదటిసారి సొంత కథ, అరగంట సినిమా — ఎడారిలో ఉత్తరాలు పంచే ఒంటె.

మా అమ్మాయి మీనా: "డాడీ, మీ మిగతా షోస్‌లో ఎందుకు ఎవ్వరూ వాక్ చెయ్యరు?"

"నడిస్తే బోలెడు బొమ్మలు గీయాలమ్మా. మాట్లాడితే నోరొక్కటి మారిస్తే చాలు."

"సో, యూ ఆర్ లేజీ!"

"నేను కాదే, మా ప్రొడ్యూసర్."

అక్టోబర్ 9, మంగళవారం

నేను రిపోర్టర్‌గా పనిచేసే పేపర్లో పక్క సీటు కరెన్ రాసిన వార్త ఎడిటర్ బల్ల మీద ఉంది. చదివాను. ఆయన స్టూడియో బొమ్మలు గీసే పనంతా విదేశానికి పంపేస్తోంది. ఇక్కడి డైరెక్టర్లకు ఉద్వాసన. ఒంటె సినిమా రద్దు. ఇది నిజమేనని స్టూడియో ఒప్పుకున్నాకే అచ్చు.

ఎడిటర్: "మీ ఆయన అక్కడే కదా. పేపర్ వచ్చేదాకా ఇంట్లో నోరు మెదపకు." మాట ఇచ్చాను. ఇన్నేళ్ల రిపోర్టింగ్‌లో అచ్చు కాని వార్త ఒక్కటీ గడప దాటించలేదు.

అక్టోబర్ 10

చెప్పలేదు. భోజనాల దగ్గర మూపురం ఎలా ఊగాలో ఆయనే మాట్లాడారు. నేను పప్పు రెండుసార్లు వడ్డించాను.

అక్టోబర్ 11, గురువారం

యాడ్ కంపెనీ నుంచి ఫోన్. కార్న్‌ఫ్లేక్స్ టీవీ ప్రకటనలకు డైరెక్టర్ కావాలి, ఇప్పుడే చెప్పాలి. ఆయన రిసీవర్ చేత్తో మూసి నావైపు చూశారు.

"ఏమంటావ్?"

"ఒప్పుకోండి."

"ఎందుకు?"

ఫోన్ తీగ చిక్కు విప్పుతూ అన్నాను.

"జీతం నయం కదా."

నవ్వారు. "ఒంటెని సగం దారిలో వదిలేసి కార్న్‌ఫ్లేక్స్‌తో డాన్స్ చేయించమంటావా?"

వద్దన్నారు. వాళ్లకి థాంక్స్ కూడా చెప్పారు.

అక్టోబర్ 12

వార్త నిజమేనని స్టూడియో ఒప్పుకుంది. ఉద్యోగులకు సోమవారం చెబుతారట. మేం రేపే వేస్తున్నాం.

అక్టోబర్ 13, శనివారం

వాకిట్లోంచి పేపర్ ఆయనే తెచ్చారు. నిలబడే చదివారు. హాల్లో మీనా టీవీ చూస్తోంది, ఆయన షోనే.

"ఇందులో తప్పేమైనా ఉండొచ్చా?"

"లేదు. మంగళవారం నుంచి మూడుసార్లు సరిచూశారు."

"మంగళవారం నుంచి."

అడిగిన తీరులో అనలేదు. అయినా జవాబు చెప్పాను. "అవును."

"గురువారం ఫోన్ వచ్చినప్పుడు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

అక్టోబర్ 14

నిన్నటి నుంచి మాట లేదు. మీనా మా ఇద్దరికీ కబుర్లు మోస్తోంది — "డాడీ ఈజ్ నాట్ హంగ్రీ అట."

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది: మళ్లీ ఇలాంటి వార్త వస్తే అప్పుడూ దాస్తావా అని. ఆయన అడగలేదు. అడిగితే, మళ్లీ అయినా అంతే చేస్తానని చెప్పాలి. అది నిజం. ఇంకో జవాబు వెతికాను, లేదు.

కుర్చీ జరిగిన చప్పుడు. లేచారు. ఇటే వస్తున్నారు —