ఇరవై నాలుగింట ఇరవై మూడు

మార్చి 13, బుధవారం
ఈజిప్టు సంగతి తెలీదు గానీ, ఈ టాంటా ఊళ్ళో ఇన్ని బళ్ళున్నాయి, భిన్నాలు సరిగ్గా చెప్పే టీచరు నేను తప్ప ఒక్కరూ లేరు. వచ్చే మంగళవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడట. నా ప్రమోషన్ ఆయన రిపోర్టు మీదే ఉంది. రేపు బస్బూసా చేసి పట్టుకెళ్తాను. రవ్వ, నెయ్యి, పాకం. రంజాన్ నెలలో, ఉపవాసమున్న పిల్లల ముందు మిఠాయి! కళ్ళు అటే అతుక్కుపోతాయి. పోవాలి.

మార్చి 14, గురువారం, మధ్యాహ్నం
పాఠం అదిరింది. ట్రేలో నాలుగు వరసలు, వరసకు ఆరు ముక్కలు. క్లాసులోనూ ఇరవై నలుగురే ఆడపిల్లలు. ఒక వరస మీద కాగితం కప్పి ఎంత అన్నాను. ఇరవై నాలుగింట ఆరు అన్నారు. నాలుగు వరసల్లో ఒకటేగా, మరి? నాలుగో వంతు అబ్లా అని ఎగిరారు, టీచర్ని అక్కలా అబ్లా అనే పిలుస్తారు. ముక్క పెరగలేదు, తరగలేదు, పేరే చిన్నదైంది అన్నాను. షాహిందా లాంటి మొద్దుకు కూడా ఎక్కింది.
సాయంత్రం ఉపవాసం విడవడానికి తలో ముక్కా ఇంటికి తీసుకెళ్తారు. అందాకా ట్రేని రావ్యా చేత బీరువా గదిలో పెట్టించాను. ఇస్త్రీ కొట్టువాళ్ళ అమ్మాయి, నెమ్మదైన పిల్ల.

అదే రోజు, సాయంత్రం
ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.
నిన్నటి నుంచి నాకు నెలసరి. ఆ రోజుల్లో ఉపవాసం ఉండకూడదు. అయినా స్టాఫ్‌రూములో మగవాళ్ళ ముందు గుక్కెడు నీళ్ళు తాగలేం కదా. కళ్ళు తిరిగాయి. బీరువా గదికెళ్ళి మూల ముక్క ఒకటి తిన్నాను. పాపమేమీ కాదు. లెక్క మరిచాను, అంతే. లెక్కల టీచర్ని.
చివరి పీరియడ్‌లో ట్రే తెప్పిస్తే ఇరవై మూడే ఉన్నాయి. నాలుకలు చూద్దాం అబ్లా అంది షాహిందా. ఉపవాసమున్న నాలుక తెల్లగా ఎండిపోయి ఉంటుంది. వద్దనొచ్చు. అనలేదు. నన్నెవరూ నాలుక చాపమనరు.
రావ్యా నాలుక ఒక్కటే ఎర్రగా, తడిగా ఉంది. నమాజుకు నోరు పుక్కిలించానంది. అందరం పుక్కిలించాం, నీకొక్కదానికే ఆరలేదేంటే అన్నారు. ఉపవాసం మింగింది, బస్బూసా మింగింది అని బల్లలు బాదారు. రావ్యాకి ముక్క ఇవ్వలేదు. లెక్క సరిపోయింది.

మార్చి 17, ఆదివారం
సూక్ష్మీకరించడానికి కుదరని భిన్నం ఒకటి చెప్పమన్నాను. నేను అనలేదు, వాళ్ళే అన్నారు. ఇరవై నాలుగింట ఇరవై మూడు. రెంటినీ భాగించేది ఒకటి తప్ప లేదు. తప్పు పట్టడానికేముంది? రావ్యా పక్కన కూర్చునే పిల్ల బల్ల మారింది.

మార్చి 18, సోమవారం
రావ్యా ఒంటరిగా వచ్చింది. ఆ రోజు ట్రే మీద కాగితం కప్పడం మరిచి, మళ్ళీ వచ్చి నేను తినడం చూసిందట. మరి చెప్పలేదేమే అన్నాను. మీకు ఆ రోజులై ఉంటాయి కదబ్లా, సార్లందరికీ తెలిసిపోదూ, మా అమ్మయితే అన్నయ్యల కంట పడకుండా వంటింటి తలుపేసుకుని తింటుంది అంది. ఎలుక తిందని చెప్పండబ్లా, చాలు, వీధిలో కూడా ఏడిపిస్తున్నారు అంది.
సరే అన్నాను. ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక చెప్తాను.

మార్చి 19, మంగళవారం
ఇక తగ్గించడానికి వీల్లేని భిన్నం చెప్పండర్రా అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇరవై నాలుగింట ఇరవై మూడు, రావ్యా, అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. రావ్యా ఎవరమ్మా అంటే అన్ని వేళ్ళూ ఒకవైపే చూపించాయి. జన్మలో మరిచిపోకుండా చెప్పారు మేడం అని, ఎక్సలెంట్ అని రాశాడు.
రావ్యా నన్నే చూస్తోంది. నేను బోర్డు తుడుచుకున్నాను.

మార్చి 20, బుధవారం
రావ్యా రాలేదు. ఎలుక మాట ఇక ఎందుకులే.

మార్చి 21, గురువారం
రావ్యా తల్లి బస్బూసా ట్రేతో వచ్చింది. వీధిలో మాటలు పడలేక, తానే తిన్నానని పిల్ల ఒప్పుకుందట. తండ్రి బెల్టు తీశాడట. బడి కూడా మాన్పించాడు, కొట్లో బట్టలు మడతపెడుతోందట. మన్నించండబ్లా, మీ ముక్క మీకు చేరకపోతే మా ఇంట్లో ఉపవాసాలు చెల్లవు అంది.
తీసుకున్నాను. ఇరవై నాలుగున్నాయి.

అదే రోజు, పొద్దు గూకాక
ఇవాళ నాకూ ఉపవాసమే. మూల ముక్కతో విడిచాను. పాకం కాస్త తక్కువైంది.