ఆవిడ కిందికే చూసింది

మంగళవారం, విజయవాడ

నేను డైరెక్ట్ చేస్తున్న మూడో సూపర్‌హీరో సినిమా. ఇవాళ సింగ్‌నగర్‌లో ఒక డాబా మీద వరద సీన్ తీశాం. హీరో ఆకాశంలోంచి దిగుతుంటే డాబా మీద జనమంతా పైకి చూసి చేతులూపాలి. ఆ వీధి వాళ్ళనే పిలిచి నిలబెట్టాం. నాగమణమ్మ అనే పెద్దావిడ మాత్రం మూడు టేకుల్లోనూ కింద రోడ్డు వైపే చూసింది. అందరికీ వినబడేలా మైకులో అరిచాను, "చెప్తే అర్థం కాదా? పైకి చూడు."

ఆవిడ మెల్లగా అంది, "బుడమేరు వరదప్పుడు రెండ్రోజులు పైకే చూశామండీ. ఎవరూ దిగలేదు. మూడో రోజు నాగాయలంక చేపల పడవోళ్ళు కింద నుంచొచ్చి మమ్మల్ని దింపారు. అందుకే కళ్ళు అటే పోతన్నాయి. ఈసారి సరిగ్గా చేస్తాలెండి."

ఆ రెండ్రోజులూ నేను హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని ఈ సీనే రాశాను. నీళ్ళు డాబాకి ఎంత దిగువన ఉంటే తెరమీద బాగుంటుందో చూసి రాసుకున్నాను. 

నాలుగో టేకులో ఆవిడ పైకి చూసింది, చేతులు కూడా ఊపింది. క్షమించమని అడుగుదామనే మైకు తీసుకున్నాను. అందరికీ వినబడేలా "ఓకే" అని మాత్రమే అన్నాను.